దక్షిణ గ్రిడ్ ఆలస్యంగా ఎందుకు కలిసింది?

2012 జూలై 30న ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ ఒకేసారి ఆగిపోయి అరవై కోట్ల మందికి పైగా చీకట్లో పడ్డారు. దక్షిణాదిలో మాత్రం దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అప్పటికి మన గ్రిడ్ మిగతా దేశంతో నేరుగా కలవలేదు కాబట్టి ఆ కుదుపు ఇక్కడిదాకా రాలేదు. విడిగా ఉండబట్టే బతికిపోయాం అనుకోవడం సహజమే గానీ, ఆ విడితనానికి మనం చెల్లించిన ధరను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1948 చట్టం విద్యుత్తును రాష్ట్ర బోర్డుల చేతిలో పెట్టింది. ఆంధ్రప్రదేశ్ బోర్డు 1959లో ఏర్పడింది. ఏ బోర్డు ప్రణాళిక దానిదే. పొరుగు రాష్ట్రం కోసం పెద్ద లైను వేయాల్సిన అవసరం ఏ బోర్డుకూ కనిపించలేదు. 1983లో రామగుండంలో ఎన్టీపీసీ మొదటి యూనిట్ మొదలయ్యాక పరిస్థితి మారింది. అక్కడి కరెంటులో పలు రాష్ట్రాలకు వాటా ఉంది, అంటే సరిహద్దులు దాటే 400 కేవీ లైన్లు కావాలి. ఆ పనిని చివరికి కేంద్రమే తలకెత్తుకుంది. ప్రసారానికి 1989లో విడిగా పెట్టిన సంస్థే 1992లో పవర్ గ్రిడ్ పేరు తెచ్చుకుంది. దానికి ప్రపంచ బ్యాంకు ఇచ్చిన అప్పులకు కేంద్ర ప్రభుత్వమే పూచీ. ఆ తర్వాత చంద్రపూర్ వద్ద, గాజువాక వద్ద దక్షిణాదికి తలుపులు తెరుచుకున్నాయి. అవతలి ఏసీని డీసీగా, మళ్లీ ఏసీగా మార్చి పంపే స్టేషన్లవి. కరెంటు వచ్చేది, ఫ్రీక్వెన్సీ మాత్రం అప్పట్లో ఎవరిది వారిదే. 2003లో తాల్చేరు నుంచి కోలారుకు 1,300 కిలోమీటర్లకు పైగా సాగిన డీసీ లైను మరో 2,000 మెగావాట్లు తెచ్చింది.

తీగలు వేస్తే సరిపోతుందా? పోదు. 2003 జనవరిలో దక్షిణాదిలో కొత్త టారిఫ్ పద్ధతి అమల్లోకి వచ్చింది. ఫ్రీక్వెన్సీ పడిపోయినప్పుడు షెడ్యూలుకు మించి లాగితే రేటు మోత మోగుతుంది. నా దృష్టిలో ఇది టవర్లన్నిటికన్నా పెద్ద పని. 2012 గ్రిడ్ వైఫల్యంపై విచారణ కమిటీ ఎత్తిచూపిన కారణాల్లో రాష్ట్రాల అదనపు వాడకం ఒకటి. అలా లాగింది కూడా ప్రభుత్వాలేగా అంటే, నిజమే. అందుకే సర్కారు సాయం డబ్బుతో ఆగకుండా, తన సొంత బోర్డులను సైతం కట్టడి చేసే నియమం దాకా వెళ్లాలి.

ఇక విడిగా ఉన్నందుకు కట్టిన ధర. 2012-13లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలు పవర్ హాలిడేలతో అల్లాడాయి. బయట కరెంటు దొరికినా తెచ్చుకునే దారి చాలలేదు. విద్యుత్ ఎక్స్ఛేంజీలో దక్షిణాది ధర మిగతా దేశం కంటే బాగా ఎక్కువ పలికేది. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది నేరుగా కలిసింది. ఆ మార్గంలో రెండో లైనును పోటీ టెండరులో గెలిచిన ప్రైవేటు కంపెనీ కట్టింది. మరి ప్రభుత్వం దేనికి అనేవారికి ఇదే ఉదాహరణ. కానీ ఆ దారి అవసరమని తేల్చిందీ, పెట్టుబడి తిరిగొచ్చేలా చార్జీలు నిర్ణయించిందీ ప్రభుత్వ వ్యవస్థలే. ఆ భరోసా లేకుండా వందల కిలోమీటర్ల లైనుకు అప్పు పుట్టడం కష్టం. వార్ధా నుంచి నిజామాబాద్ మీదుగా మహేశ్వరం చేరిన 765 కేవీ లైను తర్వాత తెలంగాణకు ఉత్తరం వైపు మరో దారి తెరిచింది.

కలిస్తే అందరం కలిసి మునుగుతామన్న భయం మిగిలింది. 2020 ఏప్రిల్ 5 రాత్రి దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పేసినప్పుడు డిమాండు సుమారు 31,000 మెగావాట్లు పడిపోయి వెంటనే లేచింది. ముందే సిద్ధం చేసుకున్న జలవిద్యుత్ కేంద్రాలను దించుతూ, పెంచుతూ డిస్పాచ్ సెంటర్లు ఫ్రీక్వెన్సీని 49.7, 50.26 హెర్ట్జ్‌ల మధ్యే నిలబెట్టాయి. ఆ రాత్రి దక్షిణాది కూడా ఆ గ్రిడ్‌లోనే ఉంది.