లా స్కూల్లో ‘సల్సా’ అంటే డాన్సు కాదు!

అమెరికాలో మన తెలుగు పిల్లలు ఇంజనీరింగ్, మెడిసిన్ కాకుండా లా వైపు వెళ్లడం ఇప్పుడు వింతేమీ కాదు. విజయవాడలో పుట్టిన జయ బాడిగ 2024లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా నియమితులైన వార్త మనమంతా చదివాం. అయితే పిల్లలు లా స్కూల్లో చేరే ఆగస్టు నెలలో తెలిసిన తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “అమ్మాయి ఏదో సౌత్ ఏషియన్ సంఘంలో చేరతానంటోందండీ. చదువు పాడవదా? తర్వాత ఉద్యోగానికి ఇబ్బంది రాదా?”

నేను లా చదివిన మూడేళ్లూ అలాంటి సంఘంలోనే ఉన్నాను. ఇప్పుడు న్యూజెర్సీలో ప్రాక్టీసు చేస్తున్నాను. ఆ అనుభవంతో ఈ సంగతులు చెబుతున్నాను.

ఏమిటీ సంఘాలు?

అమెరికాలో చాలా లా స్కూళ్లలో జాతి, భాష, మతం, కుటుంబ నేపథ్యం ఆధారంగా విద్యార్థి సంఘాలుంటాయి. నల్లజాతి విద్యార్థులది ‘బాల్సా’. ఏషియన్, పసిఫిక్ మూలాలున్నవారిది ‘అపల్సా’. సౌత్ ఏషియన్ లా స్టూడెంట్స్ అసోసియేషన్‌ని పొట్టిగా ‘సల్సా’ అంటారు. లాటినో, నేటివ్ అమెరికన్, యూదు, ముస్లిం విద్యార్థులకూ, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవారికీ వేరువేరు సంఘాలున్నాయి. మూడేళ్ల జేడీ వాళ్లే కాదు, ఇండియా నుంచి ఏడాది ఎల్‌ఎల్‌ఎం కోసం వచ్చినవాళ్లూ వీటిలో చేరుతుంటారు.

ఎందుకు పుట్టాయి?

ఒకప్పుడు అమెరికన్ బార్ అసోసియేషన్ నల్లజాతి లాయర్లను దూరం పెట్టింది. దాంతో వాళ్లు 1925లో నేషనల్ బార్ అసోసియేషన్ పెట్టుకున్నారు. 1968లో న్యూయార్క్ యూనివర్సిటీ లా స్కూల్లో ఏజే కూపర్ అనే విద్యార్థి నల్లజాతి లా విద్యార్థుల సంఘాన్ని మొదలుపెట్టారు. అదే దేశవ్యాప్త సంస్థగా ఎదిగింది. నేటివ్ అమెరికన్ లా విద్యార్థుల జాతీయ సంఘం 1970లో వచ్చింది.

మనవాళ్ల కథ కూడా తేలికైనదేమీ కాదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు ‘తెల్లవారు’ కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. థింద్ తరఫున వాదించిన సఖారాం గణేశ్ పండిత్ కూడా భారతీయుడే. ఆ తీర్పు చూపించి ప్రభుత్వం ఆయన పౌరసత్వాన్నే రద్దు చేయబోతే, కోర్టులో పోరాడి నిలబెట్టుకున్నారు. భారతీయులకు పౌరసత్వం పొందే హక్కు చట్టప్రకారం దక్కింది 1946లో. నేను ఈ కేసు గురించి మొదట విన్నది క్లాసులో కాదు, మా సంఘం సీనియర్ల నోట.

అక్కడ ఏం జరుగుతుంది?

దీపావళి విందు, సమోసాలు ఉంటాయి. అసలు లాభం అది కాదు. లా స్కూల్లో చాలా సబ్జెక్టులకు ఒక్క ఫైనల్ పరీక్షే మార్కులన్నీ తేలుస్తుంది. పైగా ఒకరి మార్కులు తోటివారితో పోల్చి వేస్తారు. మొదటి ఏడాది మార్కులను బట్టే పెద్ద లా ఫర్ములు సమ్మర్ ఉద్యోగాలకు పిలుస్తాయి. ఏ ప్రొఫెసర్ పరీక్ష ఎలా ఇస్తాడు, సబ్జెక్టు మొత్తాన్ని కుదించి రాసుకునే ‘అవుట్‌లైన్’ ఎలా తయారుచేయాలి, జడ్జి దగ్గర క్లర్క్‌షిప్‌కి ఎప్పుడు అప్లై చేయాలి... ఇవేవీ సిలబస్‌లో ఉండవు. లాయర్ల ఇళ్లలో పుట్టిన పిల్లలకు ఇవి భోజనాల బల్ల దగ్గరే తెలుస్తాయి. మా నాన్నగారు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆయన్ని అడిగితే ఏం చెప్పగలరు? ఆ లోటు తీర్చింది సంఘంలోని అక్కలు, అన్నలే. పాత అవుట్‌లైన్లు ఇచ్చారు, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసి తప్పులు దిద్దారు.

చదువయ్యాక కూడా ఈ తాడు తెగదు. 1988లో ఏర్పడిన నేషనల్ ఏషియన్ పసిఫిక్ అమెరికన్ బార్ అసోసియేషన్, మనవాళ్లకైతే సౌత్ ఏషియన్ బార్ అసోసియేషన్ ఉన్నాయి. మొదటిది థామస్ టాంగ్ పేరుతో మూట్ కోర్టు పోటీలు కూడా నడుపుతుంది.

మనవాళ్లే ఉంటారా?

ఉండరు. సల్సాలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ మూలాలున్న పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు. కొందరు పెద్దలకు ఇది ఇబ్బందిగా తోస్తుంది. ఊరు, కులం చూసుకుని సంఘాలు చీలడం మనకు కొత్త కాదుగా! కానీ రేపు కోర్టులో పక్కన నిలబడే లాయరు ఎవరో, ఎదురుగా కూర్చునే జడ్జి ఎవరో మనం ఎంచుకోలేం. ఆ అలవాటు చదువుకునేటప్పుడే కావడం మంచిదంటాను.

అసలు తలుపులు మూసే సంఘానికి కాలేజీ గుర్తింపు దక్కకపోవచ్చు. కాలిఫోర్నియాలోని ఒక ప్రభుత్వ లా కాలేజీ, గుర్తింపు పొందిన సంఘాలన్నీ ఎవరొచ్చినా చేర్చుకోవాలని నియమం పెట్టింది. 2010లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇక 2023లో హార్వర్డ్ కేసులో వచ్చిన తీర్పు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడం గురించి. విద్యార్థి సంఘాలను మూయమని అందులో లేదు. తమ జీవితం మీద జాతి చూపిన ప్రభావాన్ని దరఖాస్తు వ్యాసంలో రాసుకోవచ్చని ఆ తీర్పే చెప్పింది.

నేను ఇచ్చే సలహా

మొదటి ఏడాది పిల్లలు సభ్యులుగా చేరితే చాలు, పదవులు రెండో ఏడాదికి పెట్టుకోవచ్చు. రెండు సంఘాల్లో చేరినా తప్పులేదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. విద్యార్థులు లాయర్లు కారు. వీసా గురించో, ఇంటి అద్దె తగాదా గురించో వాళ్లను సలహా అడగకండి. లైసెన్సున్న లాయరు పర్యవేక్షణలో లా స్కూళ్లు నడిపే క్లినిక్‌లున్నాయి, అక్కడికి వెళ్లండి.

ఇప్పటికే లాయర్లుగా స్థిరపడ్డ మనవాళ్లకు ఒక మనవి. మీ దగ్గరలోని లా స్కూల్ సల్సా పిల్లలు మెయిల్ పంపితే జవాబివ్వండి. అరగంట ఫోన్‌లో మాట్లాడితే చాలు, ఇంట్లో అడిగే దిక్కులేని పిల్లలకు అదే పెద్ద ఆసరా.