ఎక్స్.బి. ఇంజను కథ

రైల్వే కొలువుతో ఖరగ్‌పూరు వంటి ఊళ్ళకు తరలిపోయిన మన కుటుంబాలలో ఇంజను పేరు తెలియని పెద్దలు అరుదు. బెజవాడ మీదుగా వాల్తేరు దాకా బండ్లు నడిపిన పాత ఎం.ఎస్.ఎం. రైల్వే వాడిన ఇంజన్లలో ఎక్స్.బి. ఒకటి. దాని చరిత్రలో గర్వించదగినదీ, బాధపడదగినదీ రెండూ ఉన్నవి.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి మేలురకం బొగ్గు ప్రియమైంది. బూడిద ఎక్కువగా మిగిల్చే నాసిరకం బొగ్గుతోనే మెయిలు బండ్లు లాగాలని రైల్వేలు తలచాయి. అటువంటి బొగ్గు మండాలంటే పొయ్యి వెడల్పుగా ఉండాలి. పాత ఇంజన్లలో పొయ్యి చక్రాల నడుమ ఇరుకున కూర్చునేది. దానిని పెద్ద చక్రాల వెనుకకు జరిపి, బరువు మోయడానికి అడుగున ఒక జత చిన్న చక్రాలు చేర్చారు. ముందు నాలుగు, నడుమ ఆరు, వెనుక రెండు. దీనినే పసిఫిక్ తీరు అంటారు. ఆవిరి ఇంజనులో పెత్తనమంతా పొయ్యిదే మరి!

1924లో నియమించిన సంఘం దేశమంతటికీ ఒకే నమూనాలు సిద్ధపరచింది. ఇరుసు బరువును బట్టి ఎక్స్.ఎ. 13 టన్నులు, ఎక్స్.బి. 17, ఎక్స్.సి. 19½. ఒకటి రెండు చేయించి, కొన్నేళ్ళు నడిపి చూడవలసింది. అలా చూడకుండానే పెద్ద ఎత్తున ఆర్డర్లు ఇచ్చారు. మూడు తరగతులూ కలిపి 284 ఇంజన్లు వచ్చినవి. గీతలో లోపం కంటె ఈ తొందరే పెద్ద తప్పని నా అభిప్రాయం.

వేగం పుంజుకొంటే ఇంజను ముక్కు కుడియెడమలకు ఊగేది. ముందు చక్రాల బండిని నడిమికి తెచ్చి నిలిపే స్ప్రింగులకు చాలినంత బలం లేదు. ఊపు దెబ్బకు పట్టాలు వంకర తిరిగేవి. వంకర పట్టా ఊపును మరింత పెంచేది. పట్టాలదా తప్పు, ఇంజనుదా అని వాదం సాగుతుండగానే 1937 జూలై 17న పాట్నాకు పడమట బిహటా వద్ద ఎక్స్.బి. లాగుతున్న ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. వందమందికి పైగా మరణించారు.

అప్పుడు గాని పసిఫిక్ ఇంజన్ల సంఘం ఏర్పడలేదు. కర్నల్ మౌంట్ అధ్యక్షుడు. ఇంగ్లండు నుండి స్టానియర్, ఫ్రాన్సు నుండి లెగీయ్ వచ్చారు. 1939లో నివేదిక వెలువడింది. స్ప్రింగులు గట్టిపరచారు, ఇంజనుకూ టెండరుకూ నడుమ బిగింపు పెంచారు. ఎక్స్.బి.లు మరి కొన్ని దశాబ్దాలు పనిచేసినవి.

ఆ నివేదిక నేర్పినది తరువాతి డబ్ల్యు.పి. ఇంజనుకు ఉపకరించింది. తుపాకి గుండు వంటి ముక్కుతో మెయిలు బండ్ల ముందు కనబడినది అదే. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుండి మొదట 16 మాత్రమే తెప్పించారు. వాటిని నడిపి చూచిన పిమ్మటే మిగిలిన వందలాది ఇంజన్లకు ఆర్డర్లు వెళ్ళినవి.