ఎఫ్2-ఐసోప్రోస్టేన్ల విశ్లేషణ

ఎక్కువ కాలం నిల్వ ఉన్న నూనె గాలి తగిలి పాడై వాసన వేస్తుంది. అలాంటి ఆక్సీకరణమే మన కణత్వచాల్లోని కొవ్వులకూ జరుగుతుంది. అది ఏ మేరకు జరిగిందో తెలిపే అణువుల్లో బాగా నమ్మదగినవి ఎఫ్2-ఐసోప్రోస్టేన్లు. ఆ కొవ్వుల్లోని అరాకిడోనిక్ ఆమ్లంపై ఫ్రీ రాడికల్స్ దాడి చేసినప్పుడు ఇవి పుడతాయి. వీటిని 1990లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో జేసన్ మారో, జాక్సన్ రాబర్ట్స్ బృందం వెల్లడించింది.

కొలవడమే కష్టం. మిల్లీలీటరు రక్తరసంలో ఇవి ఉండేది పికోగ్రాముల్లోనే. పైగా వీటిలో 64 ఐసోమర్లున్నాయి; అన్నిటి అణుభారమూ ఒక్కటే, 354. అందుకే ముందు క్రొమటోగ్రఫీతో విడదీసి, తర్వాత మాస్ స్పెక్ట్రోమీటరులోకి పంపుతారు. అందులో 353 వద్ద కనిపించే రుణ అయానును విరగ్గొడితే, ఆ ఐసోమర్లలో ఒకటైన 8-ఐసో-ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్2-ఆల్ఫా నుంచి 193 వద్ద ఒక ముక్క వస్తుంది. నాలుగు డ్యుటీరియం పరమాణువులు చేర్చిన అదే పదార్థాన్ని తెలిసిన మోతాదులో ముందే కలుపుతారు. దాని సంకేతాలు 357, 197 వద్ద వస్తాయి. రెండింటి నిష్పత్తే లెక్కకు ఆధారం.

అసలు ప్రమాదం యంత్రంలో కాదు, నమూనాలోనే ఉంది. సాధారణ ఫ్రీజరులో ఉంచిన రక్తరసంలో ఐసోప్రోస్టేన్లు కొత్తగా తయారవుతూనే ఉంటాయి. అప్పుడు కొలిచేది రోగి స్థితిని కాదు, నిల్వలోని లోపాన్ని. అందుకే యాంటీఆక్సిడెంట్ కలిపి మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ వద్ద భద్రపరచాలి. మూత్రంలో కొవ్వు తక్కువ కాబట్టి ఈ బెడద అంతగా ఉండదు.

పొగతాగేవారిలో వీటి స్థాయి ఎక్కువనీ, రెండు వారాలు మానేస్తే తగ్గుతుందనీ 1995లో మారో బృందం చూపింది. అయితే ఆక్సీకరణం ఏ అవయవంలో జరిగిందో ఈ పరీక్ష చెప్పలేదు.