ల్యాబ్ కంప్యూటర్లలో అడ్మిన్ అధికారం: ఎవరికివ్వాలి, ఎలా ఇవ్వాలి?

ఉబుంటు ఉన్న కంప్యూటర్లో కొత్త ప్రోగ్రామ్ వెయ్యబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. "నాకూ అడ్మిన్ ఇచ్చేయండి సార్" అని టీచర్లు అడగడం, పని ఆగకూడదని ఇచ్చేయడం మామూలే. ఇచ్చేముందు ఈ కింది సంగతులు చూసుకోండి.

రెండు రకాల ఖాతాలు

స్టాండర్డ్ ఖాతాలో ఎవరి ఫైళ్లు వాళ్లు దాచుకోవచ్చు, ఉన్న ప్రోగ్రాములు వాడుకోవచ్చు. కొత్త ప్రోగ్రాములు ఎక్కించడం, ఉన్నవి తీసెయ్యడం, ఇతరుల ఖాతాలు మార్చడం అడ్మినిస్ట్రేటర్ చేసే పనులు. అన్నిటికీ పైన 'రూట్' ఖాతా ఉంది. ఉబుంటులో దానికి ముందే తాళం వేసి ఉంటుంది. దాని బదులు 'సుడో' అనే గ్రూపు ఉంది. ఆ గ్రూపులో ఉన్నవాళ్లు తమ సొంత పాస్‌వర్డ్ కొట్టి, కావలసిన పనికి మాత్రం రూట్ అధికారం తెచ్చుకుంటారు. సుడోతో ఎవరు ఏ ఆదేశం ఇచ్చారో లాగ్ ఫైల్లో నమోదవుతుంది. ఒకే పాస్‌వర్డ్ నలుగురూ వాడితే ఎవరు చేశారో తేలదు. అందుకే అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు, గోడమీద రాసిపెట్టకూడదు.

ఇవ్వడం, తీసెయ్యడం

1. సెట్టింగ్స్‌లో 'యూజర్స్' తెరవండి.
2. 'అన్‌లాక్' నొక్కి అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వండి.
3. పేరు ఎంచుకుని 'అడ్మినిస్ట్రేటర్' స్విచ్ వెయ్యండి, లేదా ఆపండి.
4. ఆ వ్యక్తిని ఒకసారి లాగౌటై మళ్లీ లాగిన్ అవ్వమనండి.

ప్రతి కంప్యూటర్లో ఇద్దరు అడ్మిన్లుంటే మంచిది. ఒక్కరే ఉండి పాస్‌వర్డ్ మర్చిపోతే, రికవరీ మోడ్‌లోకి వెళ్లి సరిచెయ్యాల్సి వస్తుంది. పిల్లల ఖాతాలు ఎప్పుడూ స్టాండర్డ్‌గానే ఉండాలి.

ఫోల్డర్ పంచుకోవడానికి వేరే గ్రూపు

ప్రశ్నపత్రాల ఫోల్డర్ టీచర్లకు మాత్రమే కనబడాలంటే అందరినీ అడ్మిన్లు చెయ్యక్కర్లేదు. 'టీచర్స్' అని ఒక గ్రూపు పెట్టి, ఆ ఫోల్డర్‌ను దానికి అప్పగించి, మిగతావాళ్లకు అనుమతి తీసేస్తే చాలు. ఈ ఏర్పాటు అడ్మిన్ ఒక్కసారి చేస్తే సరిపోతుంది.

తెలుగు కోసం అడ్మిన్ అక్కర్లేదు

మన బళ్లలో అడ్మిన్ అడిగేది ఎక్కువగా తెలుగు టైపింగ్ కోసమే. కానీ తెలుగు కీబోర్డును ఎవరి ఖాతాలో వాళ్లే చేర్చుకోవచ్చు. సెట్టింగ్స్‌లో 'కీబోర్డ్' తెరిచి, 'ఇన్‌పుట్ సోర్సెస్' కింద ప్లస్ గుర్తు నొక్కి తెలుగు ఎంచుకోవాలి. జాబితాలో కనబడకపోతే మూడు చుక్కలు నొక్కి వెతకండి. ఫాంటు కూడా అంతే. ఫాంట్ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేసి 'ఇన్‌స్టాల్' నొక్కితే ఆ ఒక్క ఖాతాలోకే వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి కావాలంటే మాత్రం, దానికి కావలసిన ప్రోగ్రాము అడ్మిన్ ఒకసారి ఎక్కించాలి. ఆ తర్వాత అందరూ వాడుకోవచ్చు.

బదిలీ అయినప్పుడు

అడ్మిన్‌గా ఉన్న టీచరు బదిలీ అయితే, ఆ రోజే అడ్మినిస్ట్రేటర్ స్విచ్ ఆపెయ్యండి. ఖాతాను మాత్రం వెంటనే తీసెయ్యకండి. అందులో బడికి కావలసిన తెలుగు పాఠాలు, మార్కుల పట్టీలు ఉండొచ్చు. ముందు వాటిని కాపీ చేసుకోండి.