పెంటకు వచ్చిన కొత్త కూన

మా నల్లమల చెంచు పెంటల గురించి రాసినవాళ్లు విల్లంబుల గురించి రాశారు, తేనె గురించి, గడ్డల గురించి రాశారు. హైమండార్ఫ్ 1943లో వేసిన చెంచుల పుస్తకంలో కుక్కలు కూడా ఉన్నాయి. కానీ బడిలో మాకు చెప్పిన చరిత్రలో కుక్క లేదు. ‘ఆహార సేకరణ దశ’ అని ఒక పేరా చదివి, వెంటనే వ్యవసాయానికి వెళ్లిపోయేవాళ్లం. ఆ పేరాలో ఉన్నది మా తాతలేనని మాకు తోచడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ దశలోనే మనిషి కుక్కను దగ్గరకు తీశాడు. ఆవు, మేక, నాగలి ఆ తర్వాత వచ్చినవే. జర్మనీలో బాన్ దగ్గరి ఓబర్‌కాసెల్‌లో 1914లో రాళ్లు తవ్వుతుంటే ఒక మగమనిషి, ఒక ఆడమనిషి ఎముకలతో పాటు కుక్క ఎముకలూ దొరికాయి. సుమారు 14,000 ఏళ్ల నాటివి. అది ఏడు నెలల కూన. పళ్ల మీది గుర్తులు చూసిన పరిశోధకులు దానికి డిస్టెంపర్ జబ్బు చేసి ఉంటుందని, వారాల తరబడి ఎవరో సాకకపోతే అన్నాళ్లు బతికేది కాదని తేల్చారు. వేటకు పనికిరాని రోగిష్టి కూన అది. దానికి నీళ్లు తాగించినవాళ్లకు పొలం లేదు, మంద లేదు.

మనకు దగ్గరలోనూ ఒక సాక్ష్యం ఉంది. కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరు శిలాశాసనం 949-50 నాటిది. తక్కోలం యుద్ధంలో గెలిచిన మణలేరుడు రాజు బూతుగుణ్ణి కోరుకున్న బహుమానం ‘కాళి’ అనే వేటకుక్క. ఆ కాళి అడవిపందితో పోరాడింది, రెండూ చచ్చాయి. దాని కోసం రాయి నిలబెట్టారు.

సరే, కాళి కూడా ఒకనాడు కొత్త కూనగానే ఎవరి గడపకో వచ్చి ఉంటుంది కదా! అక్కడ అప్పటికే ఉన్న కుక్కలు ఏం చేశాయో ఏ రాతిమీదా ఉండదు. అది మా అవ్వల చేతుల్లో ఉంది.

మా ఇళ్లలో కూనను చంకన పెట్టుకుని నేరుగా గుడిసెలోకి తెచ్చేవాళ్లు కాదు. గుడిసె పాత కుక్కది. పెంట బయట వాగు ఒడ్డున కూర్చుని, పాత కుక్కలను ఒక్కొక్కటిగా పిలిచేవాళ్లు. అవి వాసన చూసి, చుట్టూ తిరిగి, పక్కకు వెళ్లి పడుకుంటే సగం పని అయినట్టే. తర్వాత అందరూ కలిసి నడిచి ఇంటికి వచ్చేవాళ్లు. పాత కుక్కలు పడుకునే గోనెపట్టా మీద కూనను దొర్లించేవాళ్లు. కూడు ముందు పెద్దదానికి, దూరంగా వేరే చిప్పలో కూనకు. చాలామంది ముచ్చటకొద్దీ చిన్నదానికే ముందు పెడతారు. కొట్లాట అక్కడే మొదలవుతుంది.

పెద్దది గుర్రుమంటే కసరకూడదు. అది కూనకు హద్దు చెబుతోంది. గుర్రుమన్నప్పుడల్లా కొడితే, రేపు చెప్పకుండానే కరుస్తుంది. కూన కుయ్యిమని వెల్లకిలా పడితే పెద్దది సాధారణంగా వదిలేస్తుంది. వదలకుండా వెంటపడితే మాత్రం విడదీయాలి. మొదటి వారాలు రెండింటినీ ఒంటరిగా వదిలి అడవికి పోకూడదు.

అవ్వలకు తెలియనిది ఒకటుంది, టీకా. 2018లో గిర్ అడవిలో చనిపోయిన సింహాల్లో కొన్నింటికి సోకింది డిస్టెంపరే, ఓబర్‌కాసెల్ కూనకు వచ్చిందనుకుంటున్న జబ్బే. మా పెంటలు పులుల అడవిలో ఉన్నాయి. 1972 చట్టం తర్వాత కుక్కకు వేట పోయి కాపలా మిగిలింది. ఎలుగు వస్తే ముందు అరిచేది అదే. కాబట్టి కూనకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, మూడు నాలుగు వారాల ఎడంతో తర్వాతివి, మూడు నెలలకు రేబీస్ టీకా వేయించాలి. పాత కుక్కలకూ వేయించాకే కలపడం మేలు. బడిలో పశువైద్యుణ్ణి పిలిచే టీచర్లు ఉంటే ఈ పని తేలిక.

అడవి నుంచి రోడ్డు పక్క కాలనీకి రెండు పెంటలను తెచ్చి ఒకచోట పెట్టినప్పుడు మేము చూశాం. మనుషులకు ఇళ్ల నంబర్లు వేశారు, కుక్కల సంగతి ఎవరికీ పట్టలేదు. ఇరుకు సందుల్లో రాత్రంతా కొట్లాటలే. కొన్నింటి చెవులు తెగాయి. చివరికి ఒక అవ్వ రెండు పెంటల కుక్కలనూ పొద్దున్నే కాలనీ బయటి చెరువుగట్టుకు నడిపించడం మొదలుపెట్టింది, ఒక్కో రోజు కొంచెం దగ్గరగా. నెల తిరిగేసరికి అవి ఒకే వేపచెట్టు కింద పడుకున్నాయి. రెండు పెంటల పిల్లలు ఆ అవ్వ వెంట నడుస్తూనే ఒకరి పేర్లు ఒకరు నేర్చుకున్నారు.