రంగంలోకి దిగడం

ఛత్తీస్‌గఢ్‌లోని బిల్హా స్టేషన్ దగ్గరి మా ఇంట్లో నాయనమ్మ నోట ‘రంగం’ అన్న మాట తరచూ వినేవాణ్ణి. ఆవిడది శ్రీకాకుళం వైపు. ‘మా మావయ్య రంగం ఎల్లిపోనాడు’ అంటే నాటకాల్లో చేరిపోయాడనుకునేవాణ్ణి. రంగం అంటే రంగూన్ అనీ, ఓడెక్కి బతకబోయిన ఉత్తరాంధ్ర జనం ఆ ఊరిని అలాగే పిలిచారనీ పెద్దయ్యాక తెలిసింది. ఆ పొరపాటే నన్ను ఈ మాట వెంట తిప్పింది.

సంస్కృతంలో రంగమంటే రంగూ అవును, ఆట జరిగే చోటూ అవును. తెలుగులో అది ఇంకా పాకింది. యుద్ధానికి రంగం, నాటకంలో ఘట్టానికి రంగం. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలిచి చెప్పే భవిష్యవాణీ రంగమే. ఇప్పుడు వ్యవసాయ రంగం, బ్యాంకింగ్ రంగం అంటున్నాం. ఈ వాడుక నా మనసుకు పట్టదు. చూసే కళ్లు లేనిచోట రంగమేమిటి? చూసేవాళ్లకు చోటున్న రంగం మా వైపే ఒకటుందంటారు.

బిలాస్‌పూర్ నుంచి అంబికాపూర్ వెళ్లే దారిలో రాంగఢ్ కొండ ఉంది. అక్కడి సీతాబేంగ్రా గుహ సుమారు 44 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు. ముందు రాతిలో అర్ధచంద్రాకారంగా తొలిచిన అరుగులున్నాయి. వాకిట్లోని గుంతలు తెర గుంజలవని 20వ శతాబ్దం మొదట్లో థియొడార్ బ్లాఖ్ భావించి, ఇది నాటకశాల అన్నాడు. అందరూ ఒప్పుకోలేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అది సీతమ్మ గది. పక్కనే ఉన్న జోగీమారా గుహ కప్పు మీద ప్రాచీన వర్ణచిత్రాలున్నాయి. మాటలోని రెండర్థాలూ ఒకే కొండ మీద పక్కపక్కన కాపురమున్నట్టు తోస్తుంది నాకు.

కానీ ఆ గుహకు మెట్లెక్కి చేరాలి. వేదికా ఎక్కుతాం, స్టేజీ ఎక్కుతాం. రంగంలోకి మాత్రం దిగుతాం. ఎందుకు?

పనిలోకీ దిగుతాం కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. అయినా బరిలోకి దిగడం, గోదాలోకి దిగడం ఈ మాటకు మరీ దగ్గరి చుట్టాలు. కుస్తీ గోదా అంటే తవ్వి మెత్తన చేసిన మట్టి. జనం చుట్టూ ఉంటారు, ఆడేవాడు నడుమ ఉంటాడు. ఈ క్రియలో ఒక కట్టడం రూపం నిలిచిపోయిందని నా ఊహ.

అలాంటి కట్టడం మనకు ఉంది. 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, నేటి నాగార్జునకొండలో, తవ్వకాల్లో బయటపడింది. సుమారు 55 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పున నేల, దానికి నాలుగువైపులా మెట్ల వరసలు. అందులో నాటకాలాడారో, మల్లయుద్ధాలు జరిపారో, రెండూనో. ఏదైనా పై మెట్ల మీద జనం, అడుగున ఆట. నాగార్జునసాగర్ జలాశయం ఆ లోయను ముంచేముందు దాన్ని విప్పి తెచ్చి అనుపు అనే చోట ఎత్తు నేల మీద మళ్లీ కట్టారు. ఇప్పుడు యాత్రికులు పై మెట్టు దగ్గర ఫొటో తీసుకుని, ఒక్కొక్క మెట్టే దిగి నడిమికి పోయి, అక్కడ నిలబడి చప్పట్లు కొట్టి చూస్తారు.