గిరావీన్ శిలల నడుమ స్పిరిట్ పొయ్యి

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ దక్షిణపు సరిహద్దున, గ్రానైటు బండల నడుమ వ్యాపించిన గిరావీన్ జాతీయోద్యానము, 1930, 1932 సంవత్సరములలో వేర్వేరుగా ఏర్పడిన రెండు ఉద్యానముల కలయికచే 1966లో ఈ రూపము దాల్చినది. శీతకాలపు రాత్రులలో ఇచ్చట నీరు గడ్డకట్టును; కట్టెలేరుటయో, నిషిద్ధము. కావున విడిది చేయువారు పొయ్యిని వెంట గొనిపోవుట మేలు.

స్వీడనులో 1925లో నెలకొన్న ట్రాంగియా సంస్థ 1951లో వెలువరించిన, గాలికోర్చు స్పిరిట్ పొయ్యి ఆస్ట్రేలియా పాదచారులకు ప్రియమైనది. అచ్చటివారు ‘మెథో’ యని వ్యవహరించు మిథైలేటెడ్ స్పిరిట్ పచారీ దుకాణములలోనే లభించుట అందుకు మేలైనది.

చేతిపని నెరిగినవారికి ఆ ఖర్చును అక్కరలేదు. రెండు అల్యూమినియపు పానీయపు డబ్బాల అడుగుభాగములను కోసి, నడుమ రేకు చుట్టను నిలిపి, ఒకదానిలో నొకటి బిగించి, అంచు చుట్టును గుండుసూదితో రంధ్రములు పొడిచినచో పొయ్యి సిద్ధము. నడిమి గుంటలో స్పిరిట్ పోసి అంటింపగా, గోడల నడుమ ద్రవము కాగి, ఆవిరియై, నీలిజ్వాలల వలయముగా వెలువడును. ఒకప్పుడు మన యిండ్లలో నుండిన కిరసనాయిలు పంపుస్టౌ రొద దీనికి లేదు. పగటివేళ ఆ మంట కంటి కానదు. ఆరినదని భ్రమించి మరల స్పిరిట్ పోయుట ప్రాణాపాయకరము.

బరువునకు బరువుగా కిరసనాయిలు వేడిలో మూడింట రెండువంతులైనను ఈ యింధనమీయదు. దీర్ఘయాత్రలకు దీనిని నేను మెచ్చను. రెండురాత్రుల చారునకు, టీకి ఇది చాలును.